ఫిరంగులు తీసేసిన ఓడ

2020 వేసవిలో నేను దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో ఒక వర్క్‌షాపుకి ఫోర్‌మన్‌ని. హోటళ్లకీ షోరూములకీ చెక్కతో నమూనాలు చేసేవాళ్లం. ఒక హోటల్ వాళ్లు లాబీలో పెట్టడానికి తెరచాపల కాలంనాటి సైనికుల ఓడ కావాలన్నారు. మనిషెత్తు ఉండాలి, ఒక పక్క కోసేసినట్టు లోపలి అంతస్తులన్నీ కనబడాలి.

ఓడ చరిత్రంతా వాళ్లిచ్చిన ఫైల్లో ఇంగ్లీషులో ఉంది. చేసేవాడు జగిత్యాల వైపు నుంచి వచ్చిన వడ్రంగి, నాకంటే పదేళ్లు పెద్ద, నా గదిలోనే ఉండేవాడు. రోజూ టీ తాగేటప్పుడు ఆ ఫైలు చదివి అతనికి తెలుగులో చెప్పేవాణ్ణి. మొదట అది యుద్ధనౌక. పాతబడ్డాక కింది అంతస్తులో ఫిరంగులు పీకేసి, ఆ చోట పటాలాలను కుక్కి సముద్రాలు దాటించారు. ఒకరినొకరు రాసుకునేలా గుడ్డ ఉయ్యాలల్లో పడుకునేవాళ్లు. చివరికి తెరచాప స్తంభాలు కూడా తీసేసి, రేవులో కట్టి సరుకుల కొట్టుగా వాడుకుని, కలప కోసం విరగ్గొట్టారు.

"ఫిరంగులు తీసినంక దాని కథ ఒడిసిందనుకున్న భాయ్. అసలు చాకిరి అప్పుడే షురువైందన్నట్టు" అన్నాడు.

"కథలు తర్వాత చెప్పుకుందాం అన్నా. ముదీర్ నా ప్రాణం తీస్తా ఉండాడు. యల్లా, కానీ" అన్నాను. ముదీర్ అంటే మా మేనేజరు. నాకు ఓపిక తక్కువ. అప్పుడు ఇంకా తక్కువ.

తుఫాను వస్తే పై మూతలు బిగించి సైనికులను కిందే ఉంచేవారని ఇంకో చోట ఉంది. "మరి గాలెట్ల ఆడుతది?" అని అడిగాడు. తెలీదన్నాను. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ వారమే అతనికి దగ్గు పట్టుకుంది. మా గదిలో ఎనిమిదిమందిమి. ఇక్కడ ప్రతి గదికీ ఒక పెద్ద ఉంటాడు. ఎవరు ఏ రోజు వండాలో, ఎవరికి ఏ మంచమో అతను చెప్పిందే. మా గదికి ఆ పెద్దరికం నాది. వడ్రంగి దగ్గినప్పుడల్లా మిగతావాళ్లు నా ముఖం చూసేవాళ్లు. కరోనా పరీక్షకు పంపితే అందర్నీ క్వారంటైన్‌కి పట్టుకుపోతారు, ఓడ ఆగిపోతుంది, నా ఉద్యోగం ఊడుతుంది. అదీ నా లెక్క. గది క్షేమం కోసమని పైకి చెప్పాను.

"అన్నా, నాలుగు రోజులు వర్క్‌షాపులో పడుకో. తగ్గినాక వద్దువు గానీ."

"ఎల్లగొడ్తున్నవా భాయ్?" అని నవ్వాడు. నేను నవ్వలేదు.

కరోనాతో మిగతా పనులు ఆగిపోయి వర్క్‌షాపుకి మేమిద్దరమే వెళ్లేవాళ్లం. ఎవరూ కనిపెట్టకుండా బయటి నుంచి తాళం వేశాను. నాలుగు రోజులు పదకొండయ్యాయి. పొద్దున్నే షటర్ జానెడెత్తి, అన్నం పొట్లం, జ్వరం మాత్రలు లోపలికి తోసేవాణ్ణి. ఒంట్లో ఎలా ఉందని అడిగేలోపే ఓడ ఎంతవరకు వచ్చిందని అడిగేవాణ్ణి. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ అదే నిజం.

అయిదో రోజు సందులోంచి అతని వేళ్లు మాత్రం కనబడ్డాయి. "జర తాళమన్న తియ్యి భాయ్. లోపల పానం ఆగమైతున్నది. బయటికి రాను, ఒట్టు."

"ఎవరన్నా చూస్తే అందరం ఖలాస్ అన్నా" అని షటర్ దించి తాళం వేసుకుని వచ్చేశాను.

దగ్గు తగ్గింది. కరోనానో, రంపపు పొట్టో ఇప్పటికీ తెలియదు. తాళం తీసిన రోజుకి ఓడ పూర్తయి ఉంది. ముదీర్ వచ్చి చూసి నా భుజం తట్టాడు.

ఆ సాయంత్రం గదిలో అతను ఇంటికి వీడియో కాల్ చేశాడు. నా గురించి ఏం చెబుతాడోనని పక్క మంచం మీద కూర్చున్నాను. తిడితే పడదామనే అనుకున్నాను.

"నాకు దగ్గొస్తే భాయ్ నన్ను సపరేట్ రూముల పెట్టిండు. దినాం తనే బువ్వ తెచ్చిండు" అంటూ ఫోను నా వైపు తిప్పాడు.

అతని భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుని చేతులు జోడించింది. "అన్నా, నా పిల్లల తండ్రిని కాపాడినవు. నీ మేలు మర్వం."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. "అట్టా అనబాకమ్మా, మా మనిషిని మేం చూసుకోమా?" అన్నాను. తడబడకుండా అన్నాను.

అతను ఫోను వెనక్కి తీసుకున్నాడు. ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాడు కానీ, నా ముఖం వైపు చూడలేదు.