నిలువెత్తు బెల్లం

మూడేళ్లప్పుడు నా బిడ్డ పుల్లలా ఉండేది. ఒళ్లు చేస్తే నిలువెత్తు బంగారం ఇస్తానని మా అత్త సమ్మక్క తల్లికి మొక్కింది. మా జాతరలో బంగారమంటే బెల్లమే. పిల్లను తక్కెడలో కూర్చోబెట్టి, అంత బరువు బెల్లం తూచి తల్లి గద్దెకు ఇస్తారు.

ఆరేళ్లకే బిడ్డ బొద్దుగా అయింది. మొక్కు తీర్చేద్దామంటే అత్త ఒప్పుకోలేదు.

"ఇంకింత ఒళ్లు రానియ్యి పిల్లా. తల్లికి గింతంత పెడితే ఏం బాగుంటది?"

రెండేళ్లకోసారి జాతర వచ్చేది, మేము వాయిదా వేసేవాళ్లం. ఒళ్లు పెంచే పని మాత్రం నాది. కోరుట్లలో బడి మా సందు చివరే ఉన్నా, ఎండకు నల్లబడుతుందని ఆటోలో పంపేదాన్ని. సాయంత్రం ఆడుకుంటానంటే ఫోన్ ఇచ్చి, చిప్స్ ప్యాకెట్ చింపి ఒళ్లో పెట్టేదాన్ని. దుబాయి నుంచి మా ఆయన పంపే చాక్లెట్లు సరేసరి. నూనె వేళ్లను అది యూనిఫాంకు తుడుచుకుంటుంటే మురిసిపోయేదాన్ని. తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

పదేళ్లు వచ్చేసరికి మెట్లెక్కితే ఆయాసం. జగిత్యాలలో పిల్లల డాక్టర్ మొహం చిట్లించాడు.

"గీ వయసుకు గింత బరువేందమ్మా? ప్యాకెట్లు బంద్ చెయ్యుండ్రి, రోజూ ఉరికిపియ్యుండ్రి. లేకుంటే గిప్పుడే షుగర్ వస్తది."

బయటికి రాగానే అత్త గొణిగింది. "గా డాక్టరే దిష్టి పెట్టిండు. ఈసారి మొక్కు తీర్చాలె."

కథలాపూర్ దగ్గర మా ఊరి జాతరకు వెళ్లాం. బెల్లం కొట్టతను ముద్దమీద ముద్ద పెడుతున్నా బిడ్డ కూర్చున్న తక్కెడ నేల వదల్లేదు. పక్క కొట్టు నుంచి ఇంకా తెప్పించాడు. చుట్టూ నవ్వులు. ఎవడో సిగ్గులేకుండా వీడియో తీస్తున్నాడు. అత్త ముఖం వెలిగిపోతోంది. బెల్లం మీద ఈగలు ముసురుతున్నాయి.

బిడ్డ మోకాళ్లు ముడుచుకుని, బుగ్గలు బిగించి కూర్చుంది. దగ్గరికి వంగితే మెల్లగా అడిగింది.

"మమ్మీ, ఊపిరి పీల్చకుంటే బరువు తగ్గుతదా?"

దాన్ని దించేశాను. అత్త ఆటోను పిలుస్తుంటే, "మేం నడుసుకుంట వస్తం" అని చెయ్యి పట్టుకుని బయలుదేరాను. ఊళ్లో మా పాత ఇల్లు ఎంతో దూరం లేదు. సగం దారిలోనే బిడ్డ రొప్పుతూ ఆగిపోయింది.

"కాళ్లు గుంజుతున్నయ్ మమ్మీ. ఎత్తుకోవా?"

వంగి, రెండు చేతులా పట్టి లేపబోయాను. నావల్ల కాలేదు.