సువార్త చేతి కుట్టు కోసం: కొత్త కెమెరాతో బాపట్ల, రేపల్లె

మా అమ్మాయి స్వప్న కెమెరా కొంది! ఈ మాట మా వీధిలో ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు, ఇప్పుడు మీకూ చెబుతున్నాను. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీయడం దాని పని. ఇన్నాళ్ళూ రాయిలాంటి పాత కెమెరా మెడలో వేసుకుని తిరిగింది. ఈ కొత్తది నా చేతిలో పెడితే సబ్బు పెట్టె కన్నా కాస్త పెద్దదిగా ఉంది. "ఇంతేనా?" అన్నాను. "చిన్నదే గాని ఫుల్ ఫ్రేమ్ నాన్నా. లోపల బొమ్మ పడే పలక పాత ఫిల్ము గడి అంత ఉంటుంది. పోగు పోగూ కనపడుతుంది" అంది. నాది ఏడో తరగతి చదువు. తెనాలిలో నలభై ఏళ్ళు కుట్టుమిషన్ తొక్కినవాణ్ణి. పలకా గడీ బుర్రకెక్కలేదు గాని, పోగు పోగూ అనగానే నా మనసు ఆగిపోయింది.

ఎందుకంటే మా ఆవిడ సువార్త. నా కొట్లో చేతిపని అంతా తనదే. హుక్కులు, కాజాలు, అంచులకు హెమ్మింగ్. ఎడమచేతి వాటం కావడంతో తన కుట్లు అందరివీ వాలే వైపు కాక ఎదురు వైపు వాలేవి. వంద జాకెట్లలో కలిపేసినా ఆ వాలు చూసి గుర్తుపట్టేవాణ్ణి. తను పోయి మూడేళ్ళయింది. దర్జీ ఇంట్లో కుట్టిన ప్రతిదీ ఎవరింటికో వెళ్ళిపోతుంది, ఇల్లంతా వెతికినా తన చేతి కుట్టు ఒక్కటీ దొరకలేదు. మిగిలింది ఒక్కటే, రేపల్లెలో మా మరదలు కరుణ దగ్గరున్న ఆకుపచ్చ పట్టు జాకెట్టు. కరుణ కూతురి పెళ్ళికని చేతుల అంచులు సువార్తే కుట్టింది. అదే ఆఖరి పని. అడిగితే కరుణ ఇచ్చేస్తుంది, కానీ అది దానికీ అక్క గుర్తే కదా. నా కళ్ళకు ఇప్పుడు సూది బెజ్జమే ఆనదు. ఈ కెమెరాకైతే ఆ కుట్టు దొరుకుతుంది, ఫొటోలో పెద్దది చేసుకుని చూసుకోవచ్చు! ఈ మాట చెబితే స్వప్న రెండు రోజులకు కెమెరా నాకే వదిలేసింది. "ముందు బాపట్ల సముద్రం దగ్గర చెయ్యి అలవాటు చేసుకో నాన్నా, తర్వాత రేపల్లె వెళ్ళు" అంది. కరుణకు ఫోన్ చేసి, కెమెరాతో వస్తున్నాను, జాకెట్టు ఫొటో తీసుకుంటానని చెప్పాను.

తెనాలిలో పొద్దున్నే పాసింజరు ఎక్కాను. బాపట్లకు గంట లోపు ప్రయాణం, టికెట్టు టీ డబ్బుల్లో వస్తుంది. చుండూరు దాటాక కిటికీలోంచి తీసిన మొదటి ఫొటోలో వరి చేలన్నీ అలుక్కుపోయాయి. బండి ఆగాక తీసిన దాంట్లో మాత్రం గట్టు మీద కొంగ ఈకలు విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు! పక్కనున్న ఆవిడకు చూపిస్తే, "ఆ కొంగ మిమ్మల్నే కోపంగా చూస్తోంది బాబాయ్ గారూ" అని నవ్వింది. నిజమే, దాని కన్ను కూడా పడింది.

స్టేషన్ బయట ఇడ్లీ తిని సూర్యలంకకు షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ముప్ఫై. తీరంలో వలలు ఆరేసి ఉంటే ఒక ఫొటో తీసి పెద్దది చేశాను. ప్రతి ముడీ, ముడిలో ఇరుక్కున్న ఇసుక రేణువుతో సహా కనపడింది. దర్జీవాణ్ణి, ముడి కనపడితే నాకు పండగే. ఆటో నడిపే అతను వచ్చి, "నన్నూ ఒకటి తియ్యండి బాబాయ్, హీరోలా రావాలి" అన్నాడు. తీసి చూసి, "హీరోలాగే ఉన్నావు గాని, చొక్కా జేబు ఎడంవైపు కిందికి దిగింది. ఎవరు కుట్టారు నాయనా?" అన్నాను.

"మా మావయ్యండి."

"అయితే ఏమీ అనకులే."

"అననండి. బట్ట కూడా ఆయనే పెట్టాడు" అని తనే పడీ పడీ నవ్వాడు.

ఆ నవ్వు పక్కనే అలలు. ఒకసారి సువార్తా నేనూ ఇక్కడికే వచ్చాం. చీర కుచ్చెళ్ళు పట్టుకుని నీళ్ళలో నిలబడి, "ఇంత పెద్ద గుడ్డకు అంచు ఎవరు కుడతారయ్యా?" అంది. ఆ మాట తలుచుకుంటూ నురుగును చాలా ఫొటోలు తీశాను. అన్నీ బాగా వచ్చాయి.

బాపట్ల నుంచి చెరుకుపల్లి మీదుగా రేపల్లెకు బస్సు ఉంది. ఆగుతూ ఆగుతూ రెండు గంటలు పట్టింది. కరుణ రొయ్యల కూర వండి ఎదురుచూస్తోంది. అన్నం ముందు కూర్చున్నాను గాని నా ధ్యాసంతా బీరువా మీదే. అది గ్రహించి, తనే లేచి జాకెట్టు తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"చూడండి బావా, కొత్తదాన్లా లేదూ? పాత కుట్టు అక్కడక్కడా ఊడి వేలాడుతోంది. కెమెరా వస్తోందన్నారుగా, బాగుండదని నిన్ననే బజార్లో ఇచ్చి మిషన్ కుట్టు వేయించా."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఏంటి బావా? బాలేదా?"

"పాత దారం ఏది కరుణా?"

"ఆ దర్జీ విప్పి పారేశాడండి..." అంటూనే దానికి అర్థమైంది. ముఖం తెల్లబోయింది. "అయ్యో, అక్క కుట్టు కోసమా మీరొచ్చింది! జాకెట్టు అందంగా పడాలని కదా నేను..."

దాన్నేమంటాను? అక్క చేతిపని ఫొటోకు ఎక్కుతోందని, అతిథికి దుప్పటి మార్చినట్టు మార్చింది. తర్వాత కరుణ కళ్ళు తుడుచుకుని, "పోనీ, మడతలన్నా పోతాయి, ఇస్త్రీ చేస్తా" అని నీళ్ళ గిన్నె తెచ్చింది.

"నీళ్ళు చల్లకు!" అని అరిచాను. పట్టులో సూది దిగిన బెజ్జం అంత తొందరగా పూడదు. తడిపి ఇస్త్రీ పెట్టె లాగితే మాత్రం పోగులు సర్దుకుని మూసుకుపోవచ్చు. కొట్లో ఎన్ని కుట్లు విప్పి చూశానో!

జాకెట్టు కిటికీ గట్టు మీద పరిచాను. సాయంత్రపు ఎండ పక్క నుంచి పడుతోంది. స్వప్నకు ఫోన్ చేస్తే, "పువ్వు బొమ్మ ఉన్న మీట నొక్కు నాన్నా, దగ్గరివి బాగా పడతాయి, మోచేతులు గట్టుకు ఆనించు, ఊపిరి బిగబట్టు" అంది. మొదటిది చెయ్యి వణికి చెదిరింది. రెండోదీ అంతే. కరుణ వచ్చి నా మణికట్లు రెండూ గట్టిగా పట్టుకుంది. మూడోది నొక్కాను.

పెద్దది చేశాం. ఇంకా పెద్దది చేశాం. మిషన్ కుట్టు రైలు పట్టాలా తిన్నగా పోతోంది. దాని పైన, మామూలు కంటికి ఏమీ కనపడని చోట, చీమ కాళ్ళంత బెజ్జాలు. జతలు జతలుగా, అంచు పొడవునా. ప్రతి జతా ఎదురు వైపే వాలి ఉంది. కరుణ తెర మీద వేలు పెట్టి, "అక్క" అంది.

సాయంత్రం రైల్లో తెనాలి తిరిగి వచ్చాను. దారి పొడవునా ఆ ఒక్క ఫొటోనే చూస్తూ కూర్చున్నాను. సంతోషం ఎంతగా ఉందంటే పక్కవాళ్ళందరికీ చూపించాలనిపించింది, కానీ బెజ్జాలు చూపించి ఏమని చెప్పను? తన వేళ్ళు అక్కడ ఆగి, అక్కడ నుంచి పైకి లేచి, మళ్ళీ ఇక్కడ దిగాయని నాకు తెలుస్తోంది. ఇంకో నాలుగు కుట్లు అయితే తలెత్తి టీ అడిగేదేమో అన్నట్టుంది. ఆ తలెత్తడం చూడాలన్న కోరిక మాత్రం ఏ కెమెరాతోనూ తీరదు.

మీరూ పాత బట్టల ఫొటోలు తీయడానికి ఎవరింటికైనా వెళుతుంటే ఒక్క మాట. ముందే ఫోన్ చేసి, "ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు, ఊడిన దారం ఊడినట్టే ఉండనివ్వండి" అని చెప్పండి. నేను వస్తున్నాననీ, కెమెరా తెస్తున్నాననీ చెప్పాను గాని, ఇది చెప్పలేదు.