మూతి తెగిన గోమార్లు

మొన్న వికారాబాదులో మా అమ్మాయి పెంచుకునే కుక్కను పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతుంటే వెంట నేనూ వెళ్లాను. ఆ డాక్టరమ్మ చిన్న పట్టకారుతో, కుక్క చెవి వెనక పట్టిన గోమారిని చర్మానికి ఆనించి పట్టుకొని, ఏమాత్రం తొందరపడకుండా నిదానంగా పైకి తీసింది. మూతితో సహా పురుగు మొత్తంగా వచ్చింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగి బయటికొచ్చి నిలబడ్డాను. మందుల వాసన పడలేదేమో అనుకుంది మా అమ్మాయి.

అరవైల మొదట్లో తాండూరు పశువుల దవాఖానలో నేను కొత్తగా చేరిన సహాయకుణ్ణి. పెద్దేముల్ వైపు పశువులకు జ్వరమొచ్చి మూత్రం ఎర్రగా పోస్తున్నాయని కబురొస్తే, వాటి నెత్తురు పీల్చే గోమార్లను ఏరి పట్నంలోని పరీక్షశాలకు పంపమని మా డాక్టరుగారు నన్ను పంపారు. అవి ఏ జాతివో అక్కడ తేలిస్తే జ్వరమేదో తెలుస్తుంది, తగిన మందు వస్తుంది. స్పిరిటు పోసిన గాజుగొట్టాలు, సిరా కరిగిపోతుందని పెన్సిలుతో రాసిన చీటీలు, దూది, పార్సెలు గుడ్డ. మీలో నా ఈడువాళ్లెవరైనా సర్కారీ కొలువు చేసి ఉంటే, అలాంటి సంచీ భుజాన వేసుకొని ఊళ్లోకి నడవడంలోని గర్వం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

అక్కడ ఒక ఊళ్లో పశువులు కాచుకొని బతికే ఒక అవ్వ ఉండేది. మొగుడు పోయాక మూడు ఆవులే ఆమెకు ఇల్లూ సంసారమూ. బస్సు దాటిపోతుందన్న తొందరలో నేను నల్లావు పొదుగు దగ్గరి పురుగులను పటపటా గుంజుతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"జర పైలం సారూ, గట్ల గుంజకు. మూతి లోపల్నే ఉండిపోతది."

చదువుకున్నవాణ్ణి, నాకు ఈమె చెప్పేదేమిటని వినలేదు.

పదిహేను రోజులకు పట్నం నుంచి జవాబొచ్చింది. పురుగులకు మూతులు లేవు, జాతి చెప్పలేము, మళ్లీ పంపండి అని. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకొని సైకిలు మీద పోయేసరికి నల్లావు చనిపోయింది. నేనెందుకు మళ్లీ వచ్చానో అవ్వ అడగలేదు. మిగిలిన రెండింటి ఒంటి మీదినుంచి తన వేళ్లతోనే ఒక్కొక్కటీ ఓపిగ్గా తీసి, నా గొట్టంలో వేసింది.

ఈసారి పేరూ వచ్చింది, వెనకే మందూ వచ్చింది. మందు పట్టుకొని పోతే కొట్టం ఖాళీగా ఉంది. ఆఖరి ఆవు అంతకు రెండు రోజుల ముందే పోయిందట.

"దాని పేరేందంట సారూ?" అని అడిగింది. కాగితం చూసి చదివాను. అవ్వ తనూ ఆ పేరు అనబోయి, నోరు తిరగక మధ్యలోనే ఆపేసి, నా మొహంలోకి చూసి, "ఎండల వడి వచ్చినవ్. సల్ల పోద్దమంటే ఇంట్ల సుక్క లేదు, ఏమనుకోకు కొడుకా" అంది.

తప్పు నాదేనని అప్పుడు చెప్పాల్సింది. మందు మళ్లీ సంచీలో వేసుకొని వచ్చేశాను. ఆ యేడే నాకు బదిలీ అయింది.

ఇప్పుడు ఆ మేతబీళ్లలో సగం నాపరాళ్ల గనులయ్యాయి. పశువుల జ్వరాల మందులు మామూలు దుకాణంలోనే దొరుకుతున్నాయి, ఎవరూ పార్సెలు కోసం ఎదురు చూడనక్కర్లేదు. మంచిదే. కానీ ఇన్నేళ్లకు ఆ మాట చెప్పే ధైర్యం నాకు వచ్చేసరికి, వినాల్సిన మనిషి లేదు.