రిలీవరు లేకుండా సూది ముట్టని మామయ్య

డాక్టరు రాసిచ్చిన ఇన్సులిన్ చీటీ మూడు నెలలుగా నా పర్సులోనే నలుగుతోంది. సూదంటే భయం. మా ఆవిడ సుజాతకు తెలిస్తే బెంగపడుతుందని ఇంకో భయం. ఆమెకు చెప్పకుండా పాత మాత్రలతోనే నెట్టుకొస్తున్నాను. భిలాయిలో మా మామయ్యకు ఇరవై రెండేళ్లుగా షుగరు, అందులో చాలా ఏళ్లు ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గరే పని. రిటైరయ్యాడు, కళ్లూ కిడ్నీలూ భేషుగ్గా ఉన్నాయి. ఆ కిటుకేమిటో చూసొద్దామని విశాఖలో సాయంత్రం రైలెక్కాను.

పొద్దున్నే రాయపూర్‌లో దిగి లోకల్ పట్టుకుంటే, కుమ్హారి మీదుగా గంటలోపే భిలాయి పవర్‌హౌస్ స్టేషను. టికెట్టు టీ ఖర్చంత. ఏడు కొట్టగానే అలవాటుగా మాత్ర వేసుకున్నాను, టిఫిను అత్తయ్య చేతిదే తిందామని. లోకల్ కుమ్హారి దాటి నలభై నిమిషాలు నిలబడిపోయింది. చివరికి పవర్‌హౌస్‌లో దిగి, మామయ్య ఉండే రిసాలికి నూటయాభైకి ఆటో మాట్లాడుకుని ఎక్కేసరికి చేతులు వణుకుతున్నాయి, చెమటకు చొక్కా తడిసిపోయింది. నడివయసు డ్రైవరు అద్దంలోంచి చూసి బండి ఆపేశాడు.

"భయ్యా, ఇంత పసీనా ఏటి? షుగరుందేటి మీకు?"

తలూపాను. పరుగున వెళ్లి చక్కెర దండిగా వేయించిన చాయ్ తెచ్చాడు. "జల్దీ తాగీండి. మా పప్పాకీ ఇలాగే అవుద్ది."

పదిహేను నిమిషాల్లో మనిషినయ్యాను. ఇంటికి చేరాక మామయ్య సంగతంతా విని ముందు నా వేలు గుచ్చి షుగరు చూశాడు. డెబ్బై ఎనిమిది. ఆయన తిడతాడనుకున్నాను, తిట్టలేదు. అత్తయ్య ఇద్దరికీ రాగి అట్లు, చిక్కుడుకాయ కూర పెట్టి, "పళ్లెం వచ్చీసింది, చార్జి తీసుకో" అంది. అప్పుడు గానీ మామయ్య చొక్కా పైకెత్తలేదు. నాతో కబుర్లాడుతూనే పొట్టకు సూది గుచ్చుకుని తీసేశాడు. తర్వాత ఒక పుస్తకంలో షుగరెంతో, మందెంతో, ఏం తిన్నాడో రాసి సంతకం పెట్టాడు. కింద అత్తయ్య సంతకం. అలాంటి పుస్తకాలు ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. ఒక్క పూట కూడా ఖాళీ లేదు.

"ఇదేంటి మామయ్యా, డ్యూటీ పుస్తకంలా?"

"అదే మరి. ప్లాంటులో తర్వాతి షిఫ్టుకి మన చోట నిలబడే రిలీవరొచ్చి సంతకం పెడితే గానీ కొలిమిని వదల్డానికి లేదు. ఓపాలి షిఫ్టు అయిపోతాదని, ఇంటికెళ్లి తిందామని సూది ముందే పొడిచీసుకున్నాను. రిలీవరు రానేదు. కొలిమి ముందరే పడిపోయాను. పక్కోడు నోట్లో బెల్లంముక్క పెట్టకపోతే నాను లేను. అప్పట్నించీ కూడు కంటికి కనపడాల, మీ అత్త చూస్తుండాల, అప్పుడే సూది." పుస్తకం మూసి, "నీ రిలీవరెవుర్రా? సుజాతకి చెప్పినావా?" అన్నాడు.

"లేదు మామయ్యా."

"మరి ఇయాల ఆ ఆటోవోడు ఆగకపోతే?"



మర్నాడు తిరుగు రైలు కోసం దుర్గ్ స్టేషనుకు వెళ్లేదాకా ఆ ప్రశ్నే వెంటాడింది. అంత పెద్ద కొలిమిని కాసిన మనిషి తన ఒంటిని ఒంటరిగా కాయగలనని ఏనాడూ అనుకోలేదు. నేనేమో మూడు నెలలు దాచాను. మీరూ షుగరుతో ప్రయాణం కడితే ఒక్కటి చేయండి: గ్లూకోజు పొట్లం బ్యాగులో కాకుండా చొక్కా జేబులో పెట్టుకుని, అది ఎందుకో పక్క సీటువాళ్లకు చెప్పండి. నేను ముందు సుజాతకు ఫోను చేసి అంతా చెప్పేశాను.  అంతా విని అంది, "ఇన్సులిన్ పెట్టడానికి ఫ్రిజ్‌లో మధ్య అర ఖాళీ చేస్తున్నాను. వచ్చేటప్పుడు రెండు సంతకాలు పట్టే పుస్తకం ఒకటి కొనుక్కురండి."