లెయ్‌మారా పంది

లెయ్‌మారాకు కుడిచేతి రెండు వేళ్లు మడతపడవు. ముళ్ల నక్షత్రచేప గుచ్చిన వేళ్లవి. పగడాన్ని మేసి తెల్లటి బొమికల్లా మిగిల్చే ఆ చేపల్ని మొదట్లో ఊళ్లోవాళ్లు నీళ్లలోనే నరికి పారేసేవారు. మరుసటేడు ఇంకా ఎక్కువయ్యాయి. అప్పటినుంచీ ఆవిడ కొక్కెం కర్రతో ఒక్కోదాన్నీ పీకి, బుట్టలో ఒడ్డుకు మోసుకొచ్చి, కొబ్బరిచెట్ల మధ్య పాతిపెడుతోంది. తొమ్మిదేళ్లుగా ప్రతి మంగళవారం ఇదే పని. ఊరిపెద్ద మనరేవో ఆవిడకు సొంత అన్న. పగడపు దిబ్బ మీద వేట నిషేధించి, గుర్తుగా నమేలె చెట్టు మట్ట పాతిన రోజున ఆయన “కాస్త చూసుకోవే” అన్నాడు. ఆ ‘కాస్త’ ఆవిడ మెడకు చుట్టుకుంది.

అన్న పోయాడు. మట్ట పాతినవాడు చనిపోయిన నూరో రోజు విందు అయ్యిందంటే ఆ మట్ట చెల్లదు. దిబ్బను మళ్లీ మూయాలంటే కొత్త పెద్ద కోర తిరిగిన పందిని కొట్టి, తన చేత్తో వేరే మట్ట పాతాలి. కొత్త పెద్ద మనరేవో కొడుకు కల్‌తాక్. అతని దొడ్లో ఉన్నవన్నీ పందిపిల్లలే. వారంలో విందు. దిబ్బ తెరిచి చేపలు పట్టుకుంటే అందరికీ సరిపోతాయని, ఒక్కరోజేనని, మగవాళ్లు కావా తాగుతూ తేల్చేశారు.

ఆ కబురు విని లెయ్‌మారాకు కోపం రాలేదు. హాయిగా అనిపించింది. ఇక మంగళవారాలు నడుం వంచనక్కర్లేదు. అలా అనిపించినందుకే సిగ్గేసింది. పక్క ఊరివాళ్లూ ఒక్కరోజే తెరిచారు. సాయంత్రానికి అక్కడ పెద్ద ఆల్చిప్ప ఒక్కటి మిగల్లేదు.

రెండు రోజులు ఏ పనీ చెయ్యకుండా కూర్చుంది. మూడో రోజు తన పంది కాలికి తాడు కట్టి, దారి పొడుగునా దాన్ని తిట్టుకుంటూ కల్‌తాక్ వాకిట్లోకి తోలుకెళ్లింది. దాని కోర చుట్టు తిరిగి దవడను తాకుతోంది. కోర విరక్కుండా ఎనిమిదేళ్లు కందదుంపలు నమిలి పెట్టి మరీ మేపింది, తన నూరో రోజు విందుకని.

“దీన్ని కొట్టి మట్ట పాతు. మాంసం మీ నాన్న విందుకొస్తుంది” అంది.

కల్‌తాక్ పందిని చూశాడు, అత్తను చూశాడు. “మరి నీ విందుకేం పెట్టమంటావ్ అత్తా?”

“చేపలు పెట్టు. నీ చేతిలో అప్పటిదాకా మిగిలితే.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కల్‌తాక్ నవ్వలేదు. తాడు అందుకున్నాడు.

విందు రోజు దుంపల తురుము ఆకుల్లో చుట్టి కాల్చిన లాప్‌లాప్ మీద పంది ముక్కలు వేసి అందరికీ పంచారు. పోటు తగ్గాక కల్‌తాక్ మోకాలి లోతు నీళ్లలోకి దిగి పచ్చి మట్ట పాతాడు. ఒడ్డున కూర్చున్న లెయ్‌మారా చేతిలో కూడా ఆకుపొట్లం ఉంది. తినబుద్ధి కాలేదు. ఎనిమిదేళ్లు తన గొంతు వినగానే గుర్రుమన్న జంతువది.

కల్‌తాక్ తడికాళ్లతో వచ్చి పక్కన కూలబడ్డాడు. మంగళవారం తనూ వస్తానన్నాడు.

ఆవిడ అతని చేతులకేసి చూసింది. ఒక్క గాటైనా లేదు.

“రా. చేతులకు మందంగా ఏమన్నా చుట్టుకో” అంది.

మంగళవారం అతను వచ్చాడు, ఆలస్యంగా. అప్పటికే ఆవిడ బుట్ట సగం నిండింది.