ప్రమాణం చేసి ఖాళీగా ఉన్న ఏడాది

ఆ రోజుల్లో విశ్వం గుట్టు విప్పడానికి నేను తప్ప వేరే దిక్కులేదని నాకు గట్టి నమ్మకం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ముగించి, ఉద్యోగం సద్యోగం లేకుండా నాంపల్లిలో మా డాబా మీద ఏడాదిపాటు కూర్చున్నదాన్ని, అంతకంటే చిన్న నమ్మకంతో ఎలా బతికేది? ఊరికే కూర్చోలేదు లెండి. కోఠిలో దొరికిన సామాన్లతో, ఉస్మానియా బిస్కెట్ల డబ్బాలో రెండు గైగర్ ట్యూబులు ఒకదాని మీద ఒకటి బిగించాను. ఆకాశం నుంచి మ్యూఆన్ అనే కణం దూసుకొచ్చి రెండింటిలోంచీ దిగితే డబ్బా టిక్కుమంటుంది. ఏడాదంతా ఆ టిక్కులన్నీ నోటుబుక్కులో రాశాను. (డబ్బాలో బిస్కెట్లు లేవని తెలిసిన రోజే మా అమ్మకు సైన్సు మీద గౌరవం పోయింది.)

అప్పుడే యూరప్‌లోని ఒక విశ్వవిద్యాలయం కణభౌతిక ప్రయోగాల్లో పీహెచ్‌డీకి ఒకే ఒక్క సీటు ప్రకటించింది. ఫీజు లేదు సరికదా, నెలనెలా జీతం కూడా. ఆ మాట విని మా ఇంట్లో ఒక్కరూ సంతోషించలేదు. "సదువుకునేటందుకు వాళ్లే ఉల్టా పైసలిస్తరా? గిందులో ఏందో మోసమున్నది బిడ్డా," అన్నాడు మామ. మామ అంటే మా అమ్మకు అన్న, సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. స్టాంపు లేని కాగితం పొట్లం కట్టడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాదని ఆయన సిద్ధాంతం. మోసం కాదని తేలాక దరఖాస్తు బాధ్యతంతా తనే నెత్తిన వేసుకున్నాడు.

అబిడ్స్‌లో ఒక జిరాక్స్ షాపులో కూర్చుని కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాం. డబ్బా గురించి నేను రెండు పేజీలు రాశాను. చివర్లో 'ఇతర పత్రాలు' అని ఒక గడి కనిపించింది. అవసరమైతేనే అని దాని కిందే రాసి ఉంది కానీ, ఖాళీ గడిని చూసి ఊరుకునే వంశం కాదు మాది. ఖాళీగా విడిస్తే అనుమానపడతారని మామ భయం. చదువులో ఒక ఏడాది గ్యాప్ వస్తే మన దగ్గర దానికీ ఒక ప్రమాణపత్రం ఉంటుంది కదా, అది పెడదామన్నాడు. వెంటనే నాంపల్లిలో తనకు తెలిసిన నోటరీ దగ్గరికి తీసుకెళ్లాడు.

నేను నోటరీకి కణాల సంగతీ, డబ్బా సంగతీ వివరించబోయాను. "గవన్నీ ఎందుకమ్మా, గ్యాప్ గ్యాపే," అని ఆయన కంప్యూటర్లో ఎవరిదో పాత కాగితం తీసి, ఆ పేరు చెరిపి నా పేరు కొట్టాడు. నలభై పేజీల పరిశోధనా వ్యాసాలు ఫుట్‌నోట్లతో సహా నమిలే నేను, ఆ ఒక్క పేజీ చదవకుండా సంతకం పెట్టాను. మామ స్టాంపును వెలుతురులో చూసుకుని మురిసిపోయాడు.

నెల తర్వాత ఆన్‌లైన్లో ఇంటర్వ్యూ. తెర మీద ముగ్గురు ప్రొఫెసర్లు, కెమెరాకు అందకుండా పక్కన ఇస్త్రీ చొక్కాలో మామ. డబ్బా గురించి అడుగుతారని నేను ఎదురుచూస్తుంటే, తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ ఒక కాగితం చదివి వినిపించింది. సదరు కాలంలో నేను ఏ చదువూ చదవలేదనీ, ఏ పనీ చేయలేదనీ, ఊరికే ఇంట్లోనే ఉన్నాననీ, నా మీద క్రిమినల్ కేసులు లేవనీ దైవసాక్షిగా ప్రమాణం చేశానట. రెండు పేజీల్లో డబ్బా కట్టానన్నారు, ఒక పేజీలో ఏమీ చేయలేదని ఒట్టేశారు, ఏది నమ్మమంటారు అని ఎంతో మర్యాదగా అడిగింది. (కేసులు లేనందుకు మాత్రం అభినందించింది.)

నా పై ప్రాణాలు పైనే పోయాయి. డబ్బా నిజమంటే నేను దొంగ ప్రమాణం చేసినదాన్ని, ప్రమాణం నిజమంటే ఏడాది కష్టం గంగపాలు. "స్టాంపున్నదే అసలుదని చెప్పు బిడ్డా," అని పక్కనుంచి మామ గుసగుస. నా నిజమేమో తెల్లకాగితం మీద ఉంది, అబద్ధం స్టాంపు కాగితం మీద దర్జాగా కూర్చుంది. చదవకుండా సంతకం పెట్టానని ఒప్పుకున్నాను. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఆమె నవ్వలేదు, డబ్బా ఉంటే చూపించమంది. తెచ్చి కెమెరా ముందు పెట్టాను.

ఏడాదంతా ఎవరూ అడక్కుండా టిక్కుమన్న డబ్బా, అడిగేసరికి బిగుసుకుపోయింది. ఒక నిమిషం గడిచింది. ప్రొఫెసర్లు ముగ్గురూ డబ్బా కేసి చూస్తున్నారు. మామ ఆంజనేయుడికి మొక్కుకుంటున్నాడు. అప్పుడు టిక్కుమంది.

"వచ్చింది," అన్నాడు మామ, కెమెరా సంగతి మరిచిపోయి తల దూర్చి. అప్పుడు నవ్వింది ప్రొఫెసరమ్మ.

సీటు వచ్చింది, ఒక షరతుతో. పాత ప్రమాణం తప్పని తెలియజేస్తూ, అధికారిక స్టాంపుతో కొత్తది పంపాలట. "సూశినవా, ఆఖరికి వాళ్లు గూడ స్టాంపే అడిగిన్రు," అని మామ వారం రోజులు చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. ఈసారి ఆ కాగితం నాలుగుసార్లు చదివి సంతకం పెట్టాను. తన మీద నమ్మకం లేదా అని మామ అలిగాడు.

ఇప్పుడు మా ప్రయోగం నుంచి ఏ వ్యాసం వచ్చినా దాని మీద వేలమంది పేర్లుంటాయి, అందులో ఎక్కడో నాదీ. వాళ్లంతా దాన్ని చదివారా అని మాత్రం అడక్కండి. డబ్బా మామ దగ్గరే ఉంది. రోజూ టిక్కులు లెక్కబెట్టి పుస్తకంలో రాసి, పేజీ కింద సంతకం చేసి, అబిడ్స్‌లో తన పేరుతో చేయించుకున్న రబ్బరు స్టాంపు కొడుతున్నాడు. పోయినసారి ఇంటికి వెళ్లినప్పుడు నా పాత నోటుబుక్కు కూడా అడిగి తీసుకుని, పేజీ పేజీకీ కొట్టి ఇచ్చాడు. నేనేమీ చేయని ఏడాది అంతా ఊదారంగు సిరాతో నిండిపోయింది. చూస్తుంటే నవ్వొచ్చింది. డాబా మీద ఎండలో ఆ డబ్బా ముందు కూర్చున్న పిల్ల మీద, ఇన్నాళ్లకి, కాస్త గౌరవం కూడా కలిగింది.