వరి మడిలో గోల్ఫ్ గురువులు

మా ఇంట్లో పొద్దున్నే మొదట వినిపించే గొంతు, ఎక్కడో పచ్చిక మైదానంలో తెల్ల టోపీ పెట్టుకుని నిలబడ్డ ఒక మనిషిది. మా ఆయన నోట్లో బ్రష్ పెట్టుకుని, ఫోన్‌ను అద్దానికి ఆనించి, ఆ టోపీ మనిషి చెప్పేది వింటాడు. బంతిని కొట్టేటప్పుడు తల కదలకూడదు అంటాడు టోపీ మనిషి. టిఫిన్ దగ్గరికి వచ్చేసరికి ఇంకో గొంతు. తల కదలకూడదని చెప్పేవాళ్లంతా మీ ఆటను పాడుచేస్తున్నారు అంటుంది అది. మా ఆయన దానికీ తల ఊపుతాడు.

"జర బంద్ చెయ్" అంటాను నేను. ఈ మాట నేను రోజుకు ఎన్నిసార్లు అంటానో నాకే తెలియదు.

మేముండేది మిర్యాలగూడలో. మా ఆయన ఒక రైస్ మిల్లులో ఎగుమతుల పని చూస్తాడు. చుట్టూ మిల్లులు, ధాన్యం లారీలు తప్ప ఇంకేమీ లేని ఊళ్లోకి గోల్ఫ్ ఎట్లా వచ్చిందని ఎవరికైనా అనుమానం రావచ్చు. మిల్లు యజమాని హైదరాబాద్‌లో ఆడటం మొదలుపెట్టారు. బియ్యం కొనే పెద్ద పెద్ద వాళ్లు అక్కడే కలుస్తారట. ఇంగ్లీషులో మాట్లాడే మనిషి పక్కన ఉంటే బాగుంటుందని ఒకరోజు మా ఆయనను కూడా తీసుకెళ్లారు. సరదాగా నువ్వూ ఒకటి కొట్టు అని కర్ర చేతికిచ్చారట. మా ఆయన బంతిని వదిలేసి నేలను కొట్టాడు. పచ్చిక పెళ్లగా లేచి కొనేవాళ్ల బూట్ల మీద పడింది. యజమాని ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే మా ఆయనకు నిద్ర లేకుండా చేసింది. మా ఊళ్లో ఆ ఆట నేర్పేవాళ్లు ఎవరున్నారు? అట్లా ఈ గురువులంతా ఫోన్లోంచి మా ఇంట్లోకి వచ్చారు.

ఇష్టం ఉన్నా లేకున్నా వంటింట్లోంచి అన్నీ విన్నాను కాబట్టి వీళ్ల గురించి మాట్లాడే హక్కు నాకు వచ్చిందనే అనుకుంటున్నాను. నేర్పేవాళ్లలో ప్రతి ఒక్కరి దగ్గరా ఇంతవరకూ ఎవరూ చెప్పని రహస్యం ఒకటి ఉంటుంది. దాన్ని వారం వారం చెప్తూనే ఉంటారు. నిన్నటి రహస్యం ఎడమ మోకాలిలో ఉంది. ఇవాళ్టిది కుడి భుజంలో. ఒకాయన కర్రను పక్షిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోమంటాడు. ఇంకొకాయన గట్టిగా పట్టుకోకపోతే జన్మలో రాదంటాడు. మా ఆయన చీపురుకట్ట పట్టుకుని హాల్లో నిలబడి, రెండు మాటలకూ సరిపోయేలా పట్టుకోవాలని చూస్తుంటాడు. ఆ సమయంలో ఇల్లు ఊడవాలంటే నేను ఆగాల్సిందే.

సామాన్లను పరీక్షించి చెప్పేవాళ్లు వీళ్లకంటే రెండాకులు ఎక్కువ చదివారు. కొత్త కర్ర ముందు పాత కర్ర ఎందుకూ పనికిరాదంటారు. ఆ పాత కర్రను కిందటేడు ఇదే నోటితో, ఇంతకు మించినది లేదని పొగిడారు. నాకెవరూ ఏమీ ఇవ్వలేదు, ఇది నా సొంత అభిప్రాయం, అని గుండె మీద చెయ్యి వేసుకుంటారు. వెనక గోడంతా కంపెనీవాళ్లు పంపిన డబ్బాలే. తొందరపడి కొనకండి అని చెప్పి, కొనాలంటే కింద లింకు ఉంది అంటారు. ఒకాయన ఒక కర్రను తెగ మెచ్చుకున్నాడు, అది క్షమించే కర్ర అట. మనం బంతిని తప్పుగా కొట్టినా, అది తప్పును కడుపులో పెట్టుకుని బంతిని తిన్నగా పంపిస్తుందట. మా ఆయన దాన్ని తెప్పించాడు. నేనే క్షమించలేని తప్పులను ఒక కర్ర ఏం క్షమిస్తుందని నేను అనుకుంటూనే ఉన్నాను.

మా బాబుకు మాటలు వచ్చి ఉంటే ఇదంతా నాకూ నవ్వులాటగానే ఉండేది.

వాడికి రెండున్నరేళ్లు నిండాయి. అమ్మ, డాడీ, పాలు, బువ్వ లాంటి కొన్ని మాటలే వచ్చు, అవీ విడివిడిగా. రెండు మాటలు కలిపి ఎప్పుడూ అనలేదు. ఏదన్నా కావాలంటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చూపిస్తాడు. ఎదురింటి పాప వీడికంటే చిన్నది, వాళ్లమ్మ మీద మా ఇంటికొచ్చి చాడీలు చెప్పి పోతుంది. ఆ పాప వెళ్లాక నేను తలుపేసుకుని కూర్చునేదాన్ని. కోదాడ నుంచి మా అమ్మ ఫోన్లో, "మీ తమ్ముడు మూడేళ్లదాకా నోరు తెరవలేదే. ఇప్పుడు వాడి నోరు మూయించగలమా?" అంటుంది. మాతోనే ఉండే అత్తమ్మ, "మొగపిల్లలకు జర లేటుగనే అయితది, నువ్వు పరేషాన్ గాకు" అంటుంది. వాళ్లు ధైర్యం చెప్పిన కొద్దీ నాకు భయం ఎక్కువయ్యేది. నేనూ ఫోన్లో వెతికాను. ఒకావిడ ఫలానా పేర్చుకునే బొమ్మలు కొంటే పిల్లలకు మాటలు వస్తాయంది. తెప్పించాను. వాడు వాటిని ఒక్కొక్కటే మంచం కిందికి తోసి వచ్చి చేతులు దులుపుకున్నాడు.

చివరికి సూర్యాపేటలో పిల్లలకు మాటలు నేర్పించే ఒక మేడం దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె వాడి చెవులు బాగానే ఉన్నాయంది. "ఇంట్లో ఫోన్ల చప్పుడు తగ్గించండి. వాడి ఎదురుగా కూర్చొని, మొహం చూసుకుంటూ మాట్లాడండి. మాట కోసం ఆగండి. వచ్చేసారికి రెండు మాటలు కలిపి ఒక్కసారన్నా అన్నాడేమో చూసి చెప్పండి. అనకపోతే ఇంకొన్ని పరీక్షలు చేయించాల్సి ఉంటది" అంది. పరీక్షలు అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

తిరుగుదారిలో కారింకా ఊరు దాటనే లేదు, మా ఆయన ఫోన్‌ను స్టాండులో పెట్టి కర్రలు పొగిడే మనిషిని మాట్లాడించాడు.

"మేడం ఇప్పుడే ఏం చెప్పింది?" అన్నాను.

"చప్పుడు తగ్గియ్యమన్నది. ఇగ ఇంట్ల చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకుంట తియ్యి."

అన్నట్టే పెట్టుకున్నాడు. ఇంట్లో చప్పుడైతే పోయింది. దానితోపాటు మా మాటలు వినే మనిషి కూడా పోయాడు. ఉప్పు చాలిందా అని అడిగితే బొటనవేలు చూపిస్తాడు. బాబు మోకాలు పట్టుకుని లాగితే తల నిమురుతాడు, కళ్లు మాత్రం తెర మీదే. వాడు మాట్లాడితే ఎవరు వినాలి?

యాసంగి వరి కోతలయ్యాక సాధన పొలానికి మారింది. నేరేడుచర్ల దగ్గర అత్తమ్మ వాళ్ల పొలం ఉంది. మిషన్ కోసి వెళ్లాక కొయ్యకాళ్లు మిగిలిన ఆ మడిలో, ఆదివారం పూట, మా ఆయన ఒక్క చేతికి మాత్రం తొడుగు వేసుకుని కర్ర పట్టి నిలబడేవాడు. మొదటిరోజే గట్టు మీద పోతున్న ఒక పెద్దాయన ఆగి చాలాసేపు చూశాడు.

"ఏం సారూ, ఎలుకలను కొడుతున్నవా?"

"కాదే, ఇది ఆట."

"అవతల ఎవ్వలు లేకుండ ఏం ఆటనయ్యా?" అనుకుంటూ వెళ్లిపోయాడు.

మా ఆయన కర్ర ఎత్తినప్పుడల్లా నేను బాబును చంకనెత్తుకుని వెనక్కి జరిగేదాన్ని. బంతి పోయాక వాడు జారి దిగి పరుగెత్తేవాడు. కొయ్యకాళ్ల మధ్య పాములుంటాయేమోనని నేను వెనకే. బంతి ఎక్కడ పడిందో మా ఆయనకంటే వాడికే బాగా తెలుసు. తెచ్చి బకెట్లో వేసి, డాడీ మొహంలోకి చూసేవాడు. డాడీ అప్పటికే చెవిలో గురువు చెప్పింది వింటూ కాళ్లు సర్దుకుంటూ ఉండేవాడు. పొలం అటు మూల తడి ఇంకా ఆరలేదు. అక్కడ పడ్డవి బురదలో కూరుకుపోయేవి, వాడిని అటు పోనిచ్చేదాన్ని కాదు.

ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లేసరికి ఆ మూలన బాతుల మంద దిగి ఉంది. కోసిన పొలాల్లో రాలిన గింజలు, నత్తలు తినడానికి కోదాడ అవతలి నుంచి వాటిని తోలుకొస్తారు. రాత్రి చుట్టూ వల కట్టి ఉంచుతారు, తెల్లవారేలోపల అవి గడ్డిలో గుడ్లు పెడతాయి. పొలంలో దించుకోనిచ్చినందుకు పొలమోళ్లకు కొన్ని గుడ్లు ఇవ్వడం ఇక్కడి పద్ధతి. అత్తమ్మ ఆ గుడ్ల కోసమే ఆరోజు మాతో వచ్చింది.

బాతులామె తట్ట తెచ్చి గట్టు మీద పెట్టింది. తెలవారకముందే ఏరినవి, చాలావాటికి బురద అట్లాగే ఉంది. అత్తమ్మ ఒకటి తీసి చూసింది.

"ఇదేందమ్మా, గింత సన్నగున్నది?"

"కొత్తగా పెట్టే బాతులు పెద్దమ్మా. తొలిగుడ్లు చిన్నవే ఉంటాయి."

అత్తమ్మ అరచేతిలో ఎగరేసి పట్టుకుంది. "సన్నగున్నా బరువున్నది. రెండు సొనలున్నయేమో." అని బాబు ముందు కూర్చుంది. మేడం చెప్పినట్టు వాడి మొహంలోకి చూస్తూ, "ఇగో బిడ్డా, గుడ్డు. మెల్లగ పట్టుకో, పలుగుతది. ఏదీ, అను. గుడ్డు" అంది.

బాబు దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. బొటనవేలితో బురద తుడిచాడు. కిందినుంచి తెల్లటి చిన్న చిన్న గుంటలు బయటపడ్డాయి. వాడు నానమ్మను చూసి, ఎంతో కాలంగా మాట్లాడుతున్నవాడిలా అన్నాడు.

"గుడ్డు కాదు. డాడీది."

బాతులామె ఆ బంతిని తీసుకుని గోటితో కొట్టి చూసి, "మీ పొలంలో మేసి మా బాతు రాయి పెట్టింది పెద్దమ్మా" అని నవ్వింది. అత్తమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తట్టలో ఇంకో రెండు బంతులు దొరికాయి. నేను అప్పటికే మా ఆయన దగ్గరికి పరుగెత్తాను.

ఆయన కర్రను భుజం మీదికి ఎత్తి పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు. పైన ఒక్క క్షణం ఆగాలని ఎవరో చెప్పారట. నేను పిలిస్తే ఎడమ చేతి వేళ్లు మాత్రం విప్పి, ఆగమన్నట్టు చూపించాడు. కొట్టాడు. బంతి ఎటు పోయిందో చూసుకున్నాడు. అప్పుడు ఒక చెవిలోది తీశాడు.

"ఏంది?"

"బాబు మాట్లాడిండు. రెండు మాటలు కలిపిండు."

"ఏమన్నడు?"

"గుడ్డు కాదు, డాడీది అన్నడు."

"ఏం గుడ్డు?"

నేను వివరంగా చెప్పేలోపల ఆయన ఫోన్ తీసి, వీడియో తీయడానికి సిద్ధం చేసుకుంటూ బాబు దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఏదీ చిన్నా, మళ్లొక్కసారి అను. ఇది ఏంది? గుడ్డా?" బాబు ఫోన్ వెనక ఉన్న డాడీ మొహం కోసం ఇటు వంగి చూశాడు, అటు వంగి చూశాడు. కనబడలేదు. బాతుల వైపు పరుగెత్తాడు.

మా ఆయన లేచి ప్యాంటు దులుపుకుంటూ నెమ్మదిగా అడిగాడు. "నిజంగనే అన్నడా? నీకు గట్ల వినబడ్డదా?"

అత్తమ్మే అందుకుంది. "నీ చెవులల్ల బిరడాలు పెట్టుకొని మా చెవులను అడుగుతున్నవేందిరా?"

తర్వాతి సారి సూర్యాపేట వెళ్లినప్పుడు మేడంకు అంతా చెప్పాను. ఆమె నవ్వింది. కాదు అనడం, ఎవరిదో చెప్పడం, రెండూ కలిపి వచ్చాయంటే ఇప్పుడే పరీక్షలు అక్కర్లేదు, చూద్దాం అంది. ఆ మాట వినడానికి ఎన్ని రాత్రులు ఎదురు చూశానో. ఆమె మా ఆయన వైపు తిరిగి, "మీకు ఎలా వినిపించింది, స్పష్టంగా అన్నాడా?" అని అడిగింది.

"నేను జర దూరంల ఉన్న మేడం" అన్నాడు.

"అంత దూరమా?"

ఆయన నా వైపు చూశాడు. నేను బాబు చొక్కా గుండీ పెట్టడంలో మునిగిపోయాను.

అక్కడినుంచి మా అమ్మకు చెప్పాలని కోదాడకు బయలుదేరాం. మునగాల దాటాక ఒక ధాబా దగ్గర టీకి ఆగాం. బల్ల మీద నీళ్ల జగ్గుకు ఫోన్ ఆనించి మా ఆయన మళ్లీ కర్రల మనిషిని మొదలుపెట్టాడు. చెవుల్లో పెట్టుకునేవి కార్లోనే ఉండిపోయాయి. ఆ మనిషి ఈ యేటి కర్ర కిందటేటి కర్రను ఎట్లా మించిపోయిందో చెప్తున్నాడు. నేను అలవాటు కొద్దీ నోరు తెరవబోయాను. ఎదురుగా కూర్చున్న బాబు చెయ్యి చాపి, అరచెయ్యి తెర మీద పెట్టాడు. డాడీని సూటిగా చూశాడు.

"బన్ చెయ్."

మా ఆయన టీ గ్లాసు గాల్లోనే ఆగింది. ఫోన్ బంద్ అయింది. ఇన్నాళ్లుగా నేను అంటున్నదీ అదే మాట.

"విన్నవా?" అన్నాను.

"విన్న" అన్నాడు.

కోదాడ దాకా ఫోన్ జేబులోనే ఉంది. ఇంటి ముందు కారు దిగీ దిగకముందే, "అత్తమ్మా, మీ మనవడు నన్ను బెదిరించిండు" అని మా అమ్మకు చెప్పింది ఆయనే. ఆ తర్వాత మిల్లులో, ఫోన్లో, దారిలో కనబడ్డ ప్రతి ఒక్కరికీ చెప్పాడు. నేర్పేవాళ్లు, సామాన్లు పొగిడేవాళ్లు రావడం మానలేదు, కాకపోతే బాబు పడుకున్నాక వస్తున్నారు. గుడ్డు సంగతి మాత్రం ఇప్పటికీ ఆయన లెక్కలోకి రాదు. మీ బాబు మొదట కలిపి అన్న మాట ఏంటని ఎవరన్నా అడిగితే, నేను నోరు తెరిచేలోపలే "బంద్ చెయ్" అని చెప్తాడు. తాను విన్నది అదే కదా మరి.